మైట్రల్ వాల్వు సన్నబడింది, వైశాల్యం 1.1: ముందు బెలూనా, పెళ్లా? మూడు వారాల ఇంజెక్షన్ ఎప్పటిదాకా?

లంక క్లినిక్ సిస్టర్ ప్రశ్న:

అందరికీ నమస్కారమండి. కోనసీమలో ఒక లంక గ్రామంలో విలేజ్ హెల్త్ క్లినిక్ చూస్తున్నాను. మా పరిధిలో ఉన్న 20 ఏళ్ల అమ్మాయి గురించి అడగాలి. ఎత్తు 150 సెం.మీ., బరువు 41 కిలోలు. ఆరు నెలలుగా ఏటిగట్టు ఎక్కితే ఆయాసం. రాత్రి వెల్లకిలా పడుకుంటే పొడిదగ్గు, రెండు తలగడలు ఎత్తు పెట్టుకుంటేగానీ నిద్ర పట్టదు. ఉబ్బసమనుకుని పీల్చే మందు వాడారు, గుణం లేదు. పదకొండో ఏట జ్వరంతో మోకాలు వాచిందట. అది తగ్గేసరికి చీలమండ, తర్వాత మోచెయ్యి. ఎదిగే వయసు నొప్పులేనని అప్పట్లో వదిలేశారు.

ఎకో రిపోర్టులో ఇలా ఉంది: రుమాటిక్ హార్ట్ డిసీజ్ (కీళ్లవాత జ్వరం వల్ల వచ్చే వాల్వు జబ్బు), సివియర్ ఎంఎస్ (మైట్రల్ వాల్వు బాగా సన్నబడటం), ప్లానిమెట్రీతో వైశాల్యం 1.1 చ.సెం.మీ., మీన్ గ్రేడియంట్ (వాల్వుకు అటూ ఇటూ ఒత్తిడి తేడా) 14, హార్ట్ రేట్ 108, మైల్డ్ ఎంఆర్ (అదే వాల్వులో కొద్దిగా లీకు), ఊపిరితిత్తుల ధమని ప్రెషర్ 58, ఈఎఫ్ (గుండె పంపింగ్) 62 శాతం, విల్కిన్స్ స్కోరు 7. ఈసీజీలో లయ సక్రమంగానే ఉంది. హిమోగ్లోబిన్ 8.2. డాక్టరుగారు బెలూన్ చేయించమని, అంటే వాల్వును బెలూన్‌తో తెరిపించమని రాశారు.

ఇంట్లోవాళ్లు మాఘమాసంలో పెళ్లి పెట్టుకున్నారు. బెలూన్ చేయిస్తే మచ్చ పడుతుందని, విషయం వియ్యాలవారికి తెలుస్తుందని, పెళ్లయ్యాక చూద్దామంటున్నారు. బెలూన్ అయ్యాక పెనిసిలిన్ ఇంజెక్షన్ మానేయొచ్చా అనేది వాళ్ల రెండో మాట. నా ప్రశ్న వేరు. ఆ ఇంజెక్షన్ మా క్లినిక్కులోనే ఇవ్వొచ్చా? గోదావరి పోటెత్తితే మాకు వారం పది రోజులు రేవు దాటే దారి ఉండదు, అప్పుడెలా?


కాకినాడ కార్డియో జవాబు:

సిస్టర్ గారూ, రిపోర్టు మొత్తం రాసి మంచి పని చేశారు. చాలామంది "వాల్వు ప్రాబ్లం" అని ఒక్క ముక్క రాసి ఊరుకుంటారు.

మైట్రల్ వాల్వు మామూలుగా 4 నుంచి 6 చ.సెం.మీ. తెరుచుకోవాలి. 1.5కి గానీ అంతకంటే కిందికి గానీ వస్తే తీవ్రమైనదనే లెక్క. 1.0కి దిగితే అతి తీవ్రం. ఈ అమ్మాయిది 1.1. కాలవ లాకు తలుపులు పావు వంతే తెరుచుకుంటే ఎగువన నీరు ఎలా లేస్తుందో, ఎడమ కర్ణికలోనూ (గుండెలో ఎడమ పై గది) దాని వెనక ఊపిరితిత్తుల్లోనూ రక్తం అలా లేస్తుంది. రాత్రి పడుకోగానే వచ్చే దగ్గు అదే. కాళ్లలోని రక్తం ఛాతీకి చేరుతుంది, ఊపిరితిత్తులు ఉబ్బుతాయి, లేచి కూర్చుంటే తగ్గుతుంది. దీన్ని ఉబ్బసమని ఏళ్ల తరబడి నెబ్యులైజర్ మీద నడిపిన కేసులు డెల్టాలో కొల్లలు. పైగా అందులో వాడే సాల్బుటమాల్ గుండె వేగం పెంచుతుంది, ఎంఎస్‌లో అది చెరుపే. గుండె వేగంగా కొట్టుకునే కొద్దీ వాల్వు తెరిచి ఉండే సమయం తగ్గిపోతుంది. లాకు అసలే సందులా ఉంది, దాన్ని తెరిచి ఉంచే క్షణాలు కూడా కోసేస్తే ఎగువ మట్టం ఇంకా లేస్తుంది. ఈ అమ్మాయి హార్ట్ రేట్ 108 ఉండటం నాకు గ్రేడియంట్ కంటే ఎక్కువ కలవరం కలిగించింది. గుండె వేగం తగ్గించే మెటోప్రొలాల్ మొదలుపెట్టారో లేదో చీటీ చూడండి. లేకపోతే రాసిన డాక్టరుగారికే ఫోను చేసి అడగండి, మీరు మొదలుపెట్టకండి.

పెళ్లి సంగతి. పెళ్లి వల్ల వాల్వుకు వచ్చేదేమీ లేదు, గర్భం వల్లే ముప్పు. గర్భిణికి ఒంట్లో రక్తం పరిమాణం 40 నుంచి 50 శాతం పెరుగుతుంది, గుండె వేగమూ పెరుగుతుంది. 1.1 వాల్వుతో ఐదో నెల దాటాక ఊపిరితిత్తుల్లో నీరు చేరి అర్ధరాత్రి పడవ వెతుక్కునే పరిస్థితి వస్తుంది. ప్రసవం అయిన మొదటి గంటలు ఇంకా ప్రమాదం, ఎందుకంటే గర్భాశయం ముడుచుకోగానే అందులోని రక్తమంతా ఒక్కసారి గుండెకు తిరిగొస్తుంది. తీవ్రమైన ఎంఎస్ ఉన్నవాళ్లు సరిచేయించుకోకుండా గర్భం దాల్చవద్దనేది ఖరాఖండీగా చెప్పే మాట. గర్భంలో ఉండగా కూడా బెలూన్ చేయగలం, చేస్తాం. కానీ అది తప్పనిసరై చేసేది. ఇప్పుడు చేతిలో సమయం ఉంది. మాఘానికి ముందే అయిపోతే ఆ అమ్మాయి గట్టు ఎక్కి దిగి పెళ్లి పనులు చేసుకుంటుంది.

మచ్చ భయం వదిలేయమనండి. ఛాతీ కోయరు. కుడి గజ్జలోని సిర గుండా సన్నని గొట్టం కుడి కర్ణికలోకి పంపి, రెండు కర్ణికల మధ్య గోడకు సూదితో రంధ్రం చేసి, ఎడమ వైపుకు వెళ్లి వాల్వు నోట్లో బెలూన్ ఉబ్బిస్తారు. జపాన్ డాక్టరు ఇనౌయె పద్ధతి ఇది, 1984 నుంచి ప్రపంచమంతా తెలిసింది. బెలూన్ సైజుకు ఒక సులువైన లెక్క ఉంది: ఎత్తు సెంటీమీటర్లను పదితో భాగించి పది కలపాలి. 150కి 25 మి.మీ. ఒక్కసారే 25కి ఉబ్బించరు. రెండు మి.మీ. తక్కువతో మొదలుపెట్టి, ఎకోలో లీకు పెరిగిందా లేదా చూసుకుంటూ ఒక్కో మిల్లీమీటరు పెంచుతారు. వైశాల్యం 1.5 దాటి, లీకు మధ్యస్థాన్ని మించకపోతే పని బాగా జరిగినట్టు. గజ్జలో మిగిలేది నాలుగైదు మి.మీ. గాటు, కొన్నాళ్లకు వెతికినా కనపడదు. రెండు మూడు రోజుల్లో ఇంటికి పంపుతారు.

కీడూ చెప్పాలి. కొద్దిమందిలో రెక్క చిరిగి లీకు బాగా పెరుగుతుంది, అప్పుడు ఆపరేషన్ తప్పదు. గోడకు రంధ్రం చేసేటప్పుడు గుండె చుట్టూ రక్తం చేరడమూ జరగొచ్చు. అందుకే గుండె ఆపరేషన్ సదుపాయం ఉన్న చోటే చేయించాలి. బెలూన్ శాశ్వతమూ కాదు. పది, పదిహేనేళ్లకు మళ్లీ సన్నబడేవాళ్లున్నారు.


ఎకో గది జవాబు:

పై జవాబుకు రిపోర్టు వైపు నుంచి నాలుగు మాటలు కలుపుతాను.

గ్రేడియంట్ 14 చూసి కంగారుపడొద్దు, 1.1 చూసి తేలిగ్గా తీసుకోవద్దు. గ్రేడియంట్ హార్ట్ రేట్‌తో మారుతుంది. హిమోగ్లోబిన్ 8.2 ఉండి, గుండె 108 కొట్టుకుంటుంటే గ్రేడియంట్ పెరిగే కనపడుతుంది. ఇదే అమ్మాయికి 70 దగ్గర తీస్తే సగానికి సగం తగ్గొచ్చు. అందుకే ఎకో రిపోర్టులో గ్రేడియంట్ పక్కన హార్ట్ రేట్ రాయని చోట రాయించుకోవాలి. వైశాల్యం అలా ఊగదు. ప్లానిమెట్రీ అంటే వాల్వు అడ్డకోతలో రెక్కల కొసల దగ్గర రంధ్రం చుట్టూ గీత గీసి కొలవడం. ఆ కోతలో రుమాటిక్ వాల్వు అచ్చం చేప నోరులా ఉంటుంది: రెండు మూలలూ అతుక్కుపోయి మధ్యలో సన్నని చీలిక. కోత కొసల దగ్గర కాకుండా కొంచెం పైన పడితే రంధ్రం పెద్దదిగా కనపడి మోసం చేస్తుంది. సరిచూసుకోవడానికి ప్రెషర్ హాఫ్ టైమ్ ఉంది: 220ని ఆ మిల్లీసెకన్లతో భాగించాలి. 200 వస్తే 1.1. రెండు లెక్కలూ దగ్గరగా ఉంటే రిపోర్టును నమ్మొచ్చు. బెలూన్ అయిన మొదటి రెండు మూడు రోజులు మాత్రం ఈ హాఫ్ టైమ్ లెక్క తప్పుతుంది, అప్పుడు ప్లానిమెట్రీయే దిక్కు.

విల్కిన్స్ 7 శుభవార్త. రెక్కల కదలిక, మందం, సున్నం పేరుకోవడం, రెక్కల కింది తాళ్ల మందం, ఈ నాలుగింటికీ ఒకటి నుంచి నాలుగు మార్కులు. మొత్తం 8 లోపు ఉంటే బెలూన్‌కు బాగా లొంగుతుంది. రిపోర్టులో లేనిది ఒకటుంది: ఎడమ కర్ణిక చెవిలో రక్తం గడ్డ ఉందా లేదా. మామూలు ఎకోలో ఆ మూల సరిగ్గా కనపడదు. గొట్టం మింగించి అన్నవాహిక నుంచి తీసే ఎకో, అదే టీఈఈ, బెలూన్ ముందు తప్పనిసరి. ఆరు గంటలు ఏమీ తినకుండా వెళ్లాలి. గడ్డ దొరికితే రక్తం పలచబరిచే మందు రెండు మూడు నెలలు వాడి, మళ్లీ టీఈఈ చూసి, అప్పుడు బెలూన్. పెళ్లి తేదీకి ఈ రెండు మూడు నెలలు కూడా లెక్కలో పెట్టుకోమనండి.

ఇంకో మాట, ఇది ఈ అమ్మాయికి సంబంధం లేదు గానీ చెప్పకుండా ఉండలేను. ఏఎస్ఓ టైటర్ అనే రక్తపరీక్షలో ఎక్కువ వచ్చిందని, ఎకో తీయకుండానే పిల్లలకు ఏళ్లపాటు పెనిసిలిన్ పొడిచే అలవాటు మన వైపు చాలా ఉంది. ఏఎస్ఓ పెరిగిందంటే ఆ మధ్య స్ట్రెప్టోకాకస్ (గొంతులో చేరే సూక్ష్మజీవి, స్ట్రెప్ అంటారు) తగిలిందని మాత్రమే. కీళ్లవాత జ్వరమని తేల్చాలంటే కీళ్లు, గుండె, చర్మం, కాళ్లూచేతుల వణుకు, ఈఎస్ఆర్, ఈసీజీ అన్నీ కలిపి చూడాలి. అనవసరంగా పొడిపించుకునే పిల్లలు ఒకవైపు, పొడిపించుకోవాల్సిన ఈ అమ్మాయి లాంటి వాళ్లకు పదకొండో ఏట నుంచి ఒక్కటీ పడకపోవడం ఇంకోవైపు.


ఇంజెక్షన్ గది జవాబు:

సిస్టర్, బెలూన్ అయ్యాక ఇంజెక్షన్ మానేయడానికి లేదు. బెలూన్ అతుక్కున్న మూలలను విడదీస్తుంది అంతే, జబ్బును తీసేయదు. గొంతులో స్ట్రెప్ మళ్లీ తగిలితే కీళ్లవాత జ్వరం మళ్లీ వస్తుంది, వచ్చిన ప్రతిసారీ మిగిలిన వాల్వులను కొరుకుతుంది. వాల్వు మార్చినవాళ్లకు కూడా ఇంజెక్షన్ కొనసాగుతుంది. మిగతా మూడు వాల్వులు ఇంకా సొంతవే కదా. వాల్వు పాడైనవాళ్లకు చివరి జ్వరం నుంచి పదేళ్లు లేదా 40 ఏళ్ల వయసు, ఏది ఎక్కువైతే అది. కొందరికి జీవితాంతం.

మోతాదు బెంజథిన్ పెనిసిలిన్ 12 లక్షల యూనిట్లు, 21 రోజులకోసారి. 27 కిలోల లోపు పిల్లలకు 6 లక్షలు. 21 రోజులు గుర్తుంచుకోవడానికి వారమే పట్టుకోండి: మంగళవారం వేస్తే మూడో మంగళవారం. నెలకోసారి అని చెబితే అది 35 రోజులకు జారుతుంది. మూడు వారాలు దాటాక రక్తంలో మందు మట్టం పడిపోతుంది, జ్వరం దూరేది ఆ సందులోనే.

మీ క్లినిక్కులో ఇచ్చేటప్పుడు తప్పులు జరిగేది ఇక్కడే. పొడిలో స్టెరైల్ వాటర్ కలిపాక అది పాలలా తెల్లగా, చిక్కగా ఉంటుంది. గట్టిగా కుదిపితే నురగ వస్తుంది, అరచేతుల మధ్య దొర్లించండి. 21 గేజీ సూది వాడండి. సన్నసూది అయితే నొప్పి తక్కువని వాడతారు, స్ఫటికాలు అడ్డుపడి మందు సగంలో ఆగుతుంది, మళ్లీ పొడవాల్సి వస్తుంది. కలిపిన వెంటనే ఎక్కించాలి, పక్కన పెడితే అడుగున పేరుకుంటుంది. ఫ్రిజ్‌లోంచి తీసింది చల్లగా ఇస్తే నొప్పి రెట్టింపు, గది వేడికి రానివ్వండి. పిరుదు పైభాగం బయటి వైపు, లోతుగా, వెనక్కి లాగి రక్తం రావట్లేదని చూసి, రెండు మూడు నిమిషాల పాటు నెమ్మదిగా నెట్టండి. నిలబెట్టి ఎప్పుడూ వేయొద్దు, బోర్లా పడుకోబెట్టాలి. ఉదయం ఏమైనా తిని, రెండు గ్లాసుల నీళ్లు తాగి రమ్మనండి.

టెస్ట్ డోసుకు ఏమీ కాలేదని ధీమా వద్దు. అడ్రినలిన్ ఆంప్యూలు, సిరంజి ట్రేలో సిద్ధంగా ఉండాలి. పెద్దవాళ్లకు 0.5 మి.లీ. తొడ కండరంలోకి. వేశాక అరగంట బల్ల మీదే ఉంచండి.


కాకినాడ కార్డియో జవాబు:

పై పద్ధతి అంతా సరైనదే. కానీ ఈ అమ్మాయికి ఇప్పుడు కాదు.

తీవ్రమైన ఎంఎస్ ఉన్నవాళ్లు ఇంజెక్షన్ వేసిన నిమిషాల్లో కుప్పకూలితే ఎలర్జీ అనుకునేవాళ్లం. దద్దుర్లు లేకుండా, గొంతు బిగుసుకోకుండా పడిపోయినవాళ్లలో చాలా మందికి జరిగింది ఎలర్జీ కాదు. నొప్పికి, భయానికి నాడి నెమ్మదించి, రక్తపోటు జారి, సన్నబడిన వాల్వు దాన్ని తట్టుకోలేకపోవడం. అమెరికన్ హార్ట్ అసోసియేషన్ 2022లో ఇదే చెప్పి, తీవ్రమైన వాల్వు జబ్బుకు, ఈఎఫ్ 50 లోపు ఉన్నవాళ్లకు మాత్రలే మేలని సలహా ఇచ్చింది. కాబట్టి బెలూన్ అయ్యేదాకా పెనిసిలిన్ మాత్రలు 250 మి.గ్రా. పొద్దున ఒకటి, రాత్రి ఒకటి. ఒక్క పూట కూడా మానకుండా చూడటం మీ ఆశా కార్యకర్త చేతిలో ఉంది. బెలూన్ అయి వాల్వు 1.5 దాటాక మళ్లీ మూడు వారాల ఇంజెక్షన్‌కు మారండి. మాత్రలు మనుషులు మర్చిపోతారు, ఇంజెక్షన్‌కు ఆ బెడద లేదు.

ఇంకొకటి పెద్ద అక్షరాలతో రాసుకోండి: ఈ అమ్మాయికి నీరసమని ఎవరూ గ్లూకోజు, సెలైన్ బాటిళ్లు ఎక్కించకూడదు. వరి ఊడ్పుల్లో సొమ్మసిల్లిందని అరలీటరు బాటిల్ గబగబా ఎక్కిస్తే ఎంఎస్ మనిషికి ఊపిరితిత్తుల్లో నీరు నిండుతుంది, గులాబీ రంగు నురగతో దగ్గు మొదలవుతుంది. అలా జరిగితే బాటిల్ ఆపేయాలి. కూర్చోబెట్టి కాళ్లు కిందికి వేలాడదీసి, ఆక్సిజన్ పెట్టి, 108కి ఫోను చేయాలి. ఊళ్లో ఆర్ఎంపీలకు మీరే స్వయంగా చెప్పి రండి. తల్లికి చీటీ రాసివ్వండి.


పాలకొల్లు నుంచి ప్రశ్న:

మధ్యలో అడుగుతున్నందుకు ఏమీ అనుకోకండి. మైట్రల్ చోట మెటల్ వాల్వు వేసినవాళ్లకు ఐఎన్ఆర్ (రక్తం ఎంత పలచబడిందో చూసే పరీక్ష) ఒకసారి 1.6, ఒకసారి 5 వస్తోంది. రక్తం పలచబరిచే మాత్ర ఎసిట్రోమ్ 2 మి.గ్రా., 3 మి.గ్రా. ఒకరోజు విడిచి ఒకరోజు. గోంగూర, ఆకుకూరలు పూర్తిగా మాన్పించమన్నారు. అయినా నిలకడ లేదు. కొత్త మందులకు పరీక్ష అక్కర్లేదట కదా, వాటికి మారొచ్చా?


మాత్రలపెట్టె జవాబు:

మారకూడదండి. ఆ కొత్త మందుల్లో డాబిగాట్రాన్‌ను మెటల్ వాల్వుల మీద పరీక్షించి 2012లో మధ్యలోనే ఆపేశారు, గడ్డలూ రక్తస్రావమూ రెండూ ఎక్కువయ్యాయి. ఎపిక్సాబాన్ పరీక్షా అలాగే 2022లో ఆగింది. మెటల్ వాల్వుకు ఎసిట్రోమ్, వార్ఫరిన్ తప్ప దారి లేదు. రుమాటిక్ ఎంఎస్ ఉండి గుండె లయ తప్పినవాళ్లకూ అంతే. ఇంకో కొత్త మందు రివరోక్సాబాన్‌తో పోల్చి చూసిన పెద్ద పరీక్షలో పాత మందే నెగ్గింది.

మైట్రల్ మెటల్ వాల్వుకు ఐఎన్ఆర్ 2.5 నుంచి 3.5 మధ్య ఉండాలి. అయోర్టిక్‌కు, లయ బాగుంటే, 2 నుంచి 3. మీకు ఎగుడుదిగుడు వస్తున్నదానికి మొదటి అనుమానం ఆ ఒకరోజు 2, ఒకరోజు 3 మీదే. మాత్రలు రెండూ చిన్నవే, రేకులు పక్కపక్కనే ఉంటాయి, ఏ రోజు ఏది వేశారో ఎవరికి గుర్తు? ఏడు గదుల మాత్రల డబ్బా కొనండి, ఆదివారం కూర్చుని వారానికి సరిపడా నింపండి. వారం మొత్తం మోతాదు 17 లేదా 18 మి.గ్రా. అని రాసి ఫ్రిజ్‌కు అంటించండి. మార్చాల్సి వస్తే డాక్టరుగారు వారం మోతాదులో 5 నుంచి 20 శాతం మారుస్తారు, రోజు మోతాదు ఒక్కసారి రెట్టింపు చేయరు. ఎసిట్రోమ్ ఒంట్లోంచి త్వరగా పోతుంది, అందుకే ఒక్క పూట మర్చిపోయినా ఐఎన్ఆర్‌లో కనపడుతుంది. అదే రోజు గుర్తొస్తే వేసుకోండి. మర్నాడు గుర్తొస్తే వదిలేయండి, రెండు కలిపి వేయొద్దు.

రెండో అనుమానం ల్యాబు మీద. ఐఎన్ఆర్‌కు నీలం మూత ట్యూబు. అందులో రక్తం గడ్డకట్టకుండా ఆపే సిట్రేట్ 0.3 మి.లీ. ముందే ఉంటుంది, దానికి సరిగ్గా 2.7 మి.లీ. రక్తం గీత దాకా నింపాలి. సిర దొరకలేదని సగం నింపితే ఐఎన్ఆర్ ఉన్నదానికంటే ఎక్కువ చూపిస్తుంది. ఆ 5 అలా వచ్చిందేమో. ప్రతిసారీ ఒకే ల్యాబుకు వెళ్లండి, ట్యూబు గీత దాకా నిండిందో లేదో మీ కళ్లతో చూడండి.

గోంగూర మాన్పించడం తప్పు సలహా. గోదావరి జిల్లాల్లో ఆకుకూర లేని వంటిల్లు ఎక్కడుంది? కొన్నాళ్లు కడుపు కట్టుకుని, ఒకరోజు పెళ్లిలో గోంగూర, మర్నాడు ఇంట్లో తోటకూర పప్పు తింటారు. అక్కడ ఐఎన్ఆర్ పడుతుంది. ఆకుకూరల్లోని విటమిన్ కె ఈ మందుకు విరుగుడు. కాబట్టి వారానికి ఎంత తింటారో అంతే తినండి, రెండుసార్లయితే ప్రతి వారమూ రెండుసార్లు, దానికి తగ్గట్టు మాత్ర సర్దుతారు. ఆషాఢంలో మునగాకు కూర కుండెడు తినే అలవాటుంటే అది మాత్రం తగ్గించండి, మునగాకులో విటమిన్ కె చాలా ఎక్కువ.

అసలు దొంగలు మందుల షాపులో ఉన్నారు. నీళ్ల విరేచనాలకు వాడే మెట్రోనిడజోల్, మూత్రంలో మంటకు వాడే కోట్రైమాక్సజోల్, తామరకు వాడే ఫ్లూకోనజోల్, ఈ మూడూ ఐఎన్ఆర్‌ను నాలుగైదు రోజుల్లో పైకి లేపుతాయి. టీబీ మందు రిఫాంపిసిన్ కిందికి తోస్తుంది. ఒళ్లునొప్పులకు డైక్లోఫెనాక్ మాత్ర వేస్తే ఐఎన్ఆర్ మారకపోయినా కడుపులో రక్తం కారవచ్చు. నొప్పికి పారాసిటమాల్ చాలు, అదీ రోజూ రెండు గ్రాములు మించి వారం వాడితే ఐఎన్ఆర్ చూపించుకోవాలి. కొత్త మందు ఏది మొదలుపెట్టినా మూడు నుంచి ఐదు రోజుల్లో పరీక్ష చేయించండి.

ఒక గుర్తు ఇంట్లో అందరికీ నేర్పండి. మెటల్ వాల్వు రాత్రి నిశ్శబ్దంలో గడియారంలా టిక్కుటిక్కుమంటుంది. ఆ చప్పుడు మందగించినా, ఆగినా, దాంతోపాటు కొత్తగా ఆయాసం వచ్చినా వాల్వులో గడ్డ కట్టిందనుకుని అప్పటికప్పుడు వెళ్లాలి, తెల్లారేదాకా ఆగకూడదు. మూతి వంకర, మాట తడబాటు, చెయ్యి పడిపోవడం కూడా అంతే.


లంక క్లినిక్ సిస్టర్:

చాలా ఉపయోగపడిందండి. తల్లిని కూర్చోబెట్టి గర్భం, రక్తం పరిమాణం విషయం చెప్పాను. లాకు పోలికతో వెంటనే అందింది. బెలూన్‌కు ఒప్పుకున్నారు. ఇంకో రెండు సందేహాలు. బెలూన్ కుదరక వాల్వు మార్చాల్సి వస్తే ఏది వేయిస్తే మంచిది? హిమోగ్లోబిన్ పెంచడానికి రక్తం ఎక్కించమనొచ్చా? పంటి నొప్పి కూడా ఉంది, పన్ను తీయించాలంటున్నారు.


కాకినాడ కార్డియో జవాబు:

రక్తం వద్దు. గ్లూకోజు బాటిల్ గురించి చెప్పిందే దీనికీ వర్తిస్తుంది. అంత ద్రవం ఒక్కసారి లోపలికి పోతే ఈ వాల్వు మోయలేదు. తప్పదనుకుంటే ఆసుపత్రిలోనే, నెమ్మదిగా, మధ్యలో ఒంట్లో నీరు తీసే లాసిక్స్ ఇస్తూ చేయాలి. 8.2కి ఇనుము మాత్రలే. మీ దగ్గరుండే ఎర్ర మాత్రలో 60 మి.గ్రా. ఇనుము ఉంటుంది, రోజుకు రెండు, టీతో కాకుండా నిమ్మకాయ నీళ్లతో. నెలకోసారి హిమోగ్లోబిన్ చూడండి, నెలకు ఒక గ్రామైనా పెరగాలి. పెరగకపోతే నులిపురుగులు, నెలసరి ఎక్కువ కావడం వెతకండి. రక్తహీనత తగ్గితే హార్ట్ రేటూ దిగుతుంది.

ఉప్పు మాట కూడా తల్లితోనే అనండి. ఆవకాయ, ఎండుచేపలు, అప్పడాలు ఈ నాలుగు నెలలూ దూరం. రోజుకు మొత్తం ఒక చెంచా ఉప్పు దాటకూడదు, ఎండుచేప ఒక్క ముక్కతో అందులో పెద్ద వాటా అయిపోతుంది. లాసిక్స్ ఒక్కటే వాడుతుంటే అప్పుడప్పుడు కొబ్బరి బోండం తాగొచ్చు. నీరు తీసే ఇంకో మాత్ర ఆల్డాక్టోన్ కూడా ఉంటే రోజూ బోండం వద్దు, రెండూ కలిసి పొటాషియం పెంచుతాయి. కోనసీమలో చెట్టు కింద ఉన్నవాళ్లకు ఈ మాట చెప్పడం కష్టమే గానీ చెప్పండి.

వాల్వు మార్చాల్సి వస్తే ఇరవై ఏళ్ల ఆడపిల్ల విషయంలో రెండు వైపులా ఇబ్బందే. మెటల్ వాల్వు దశాబ్దాలు నిలుస్తుంది. మన తిరువనంతపురం శ్రీచిత్ర సంస్థలో తయారై 1990 డిసెంబరులో మొదట అమర్చిన చిత్ర వాల్వు ఆ రకందే. కానీ జీవితాంతం ఎసిట్రోమ్, గర్భంలో ఆరు నుంచి పన్నెండు వారాల మధ్య ఆ మందు బిడ్డకు అవకరాలు తెచ్చే ప్రమాదం, ఆ వారాల్లో హెపారిన్ అనే ఇంజెక్షన్‌కు మార్చితే వాల్వులో గడ్డ కట్టే ప్రమాదం. జంతు కణజాలపు వాల్వుకు లయ బాగుంటే మూడు నెలల తర్వాత మందు అక్కర్లేదు, పిల్లల్ని కనొచ్చు. అయితే ఈ వయసులో పదేళ్లు అటూ ఇటూ అయ్యేసరికి పాడై రెండో ఆపరేషన్ వస్తుంది. మా వరకు, పిల్లలు కావాలనుకునే అమ్మాయికి సొంత వాల్వును ఎన్నేళ్లు నిలబెడితే అన్నేళ్లు లాభం. స్కోరు 7 ఉన్నప్పుడే బెలూన్ చేయించమనేది అందుకే. ఆగితే సున్నం పేరుకుని అదే స్కోరు 10, 11కి పోతుంది, అప్పుడు బెలూన్ అవకాశం చేజారుతుంది.

పన్ను బెలూన్ ముందే తీయించండి. ఎకో రిపోర్టు దంతవైద్యులకు చూపించి, సూది మందులో అడ్రినలిన్ తక్కువ ఉన్నది వాడమనండి, గుండె వేగం పెరగకూడదు. వాల్వు మార్చినవాళ్లయితే అరగంట నుంచి గంట ముందు అమాక్సిసిలిన్ 2 గ్రాములు ఒకేసారి వేయాలి. వాళ్లు అప్పటికే పెనిసిలిన్ మీద ఉంటే నోట్లో సూక్ష్మజీవులు దానికి అలవాటుపడి ఉంటాయి కాబట్టి అజిత్రోమైసిన్ 500 మి.గ్రా.


మాత్రలపెట్టె జవాబు:

వరద ప్రశ్న మిగిలిపోయింది. ఇంజెక్షన్ మూడు నాలుగు రోజులు ముందుగా ఇస్తే నష్టం లేదు, ఆలస్యమైతేనే నష్టం. జూన్ నెలాఖరుకు మీ పరిధిలో పెనిసిలిన్ మీద ఉన్నవాళ్ల పేర్లు, తదుపరి తేదీలు ఒక కాగితం మీద రాసుకోండి. ధవళేశ్వరం దగ్గర మట్టం 11.75 అడుగులకు చేరి మొదటి హెచ్చరిక వచ్చిందంటే, వారంలోపు తేదీ ఉన్నవాళ్లందరికీ ఆ రోజే వేసేయండి. వయల్స్, స్టెరైల్ వాటర్, 21 సూదులు, అడ్రినలిన్ క్లినిక్కు మేడ మీద ఉంచండి. మాత్రల మీద ఉన్నవాళ్లకు నెల రోజులవి ముందే ఇచ్చి, మూత గట్టి ప్లాస్టిక్ డబ్బాలో ఎకో రిపోర్టు నకలుతో పాటు పెట్టమనండి. తేదీ తప్పిపోయినవాళ్లు ఎప్పుడు వస్తే అప్పుడే వేసి, అక్కణ్ణుంచి మూడు వారాలు లెక్కపెట్టండి.

బెలూన్‌కు పంపేటప్పుడు రైస్ కార్డు, ఆధార్, ఒరిజినల్ ఎకో, ఈసీజీ అన్నీ ఒకే సంచీలో ఉండాలి. ఎన్టీఆర్ వైద్య సేవ కింద ఏ ఆసుపత్రిలో చేస్తారో 104కు ఫోను చేసి ముందే కనుక్కోండి, లేదంటే రెండుసార్లు రేవు దాటాల్సి వస్తుంది. రిఫరల్ చీటీ మీద ఈ నాలుగూ ఎర్ర సిరాతో రాయండి: సివియర్ ఎంఎస్, వైశాల్యం 1.1. సెలైన్ ఎక్కించవద్దు. పెనిసిలిన్ మాత్రలు మొదలైన తేదీ. చివరి నెలసరి తేదీ. ఈ చివరిది రాయడం ఎవరికీ గుర్తుండదు, బెలూన్ చేసే గదిలో (క్యాథ్ ల్యాబ్) ఎక్స్-రే కిందే పని కాబట్టి అక్కడ మొట్టమొదట అడిగేది అదే.